00–59 కౌంటర్ ప్రాజెక్టుకు ఆన్‌లైన్‌లో సాయం అడిగే పిల్లలకు: నా అనుభవం

"అన్నా, సర్క్యూట్ పనిచేయడం లే. రేపే రివ్యూ. ఏదో ఒకటి చెప్పన్నా." మెసేజ్ కింద ఒక ఫొటో. అందులో బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చుకునే బోర్డు) మీద వైర్లు పిచ్చుకగూడులా అల్లుకుని ఉంటాయి. ఐసీల (చిప్పుల) మీద నంబర్లు కనబడవు, నాచ్ (1వ పిన్ ఏ చివర ఉందో చెప్పే గంటు) ఏ వైపు ఉందో తెలీదు. తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివే పిల్లల నుంచి సెమిస్టర్ చివర్లో నాకొచ్చే ప్రశ్నల్లో ఎక్కువ ఇలాంటివే. ఇదే ప్రశ్నను ఇంటర్నెట్‌లో ఎక్కడ పెట్టినా "కనెక్షన్లు ఒకసారి సరిచూసుకోండి" అనే జవాబే వస్తుంది. తప్పు జవాబేమీ కాదు గానీ, దేనికీ కొరగాదు.

దూరంగా కూర్చుని సాయం చేసేవాళ్లకు మీ బోర్డు కనబడదు, మీరు రాసిన అంకెలే కనబడతాయి. పిన్ నంబరు, ఆ పిన్ దగ్గర మల్టీమీటరు చూపిన వోల్టేజీ, ఈ రెండూ వరసగా రాసి పంపితే జవాబు సగం ప్రశ్నలోనే దొరుకుతుంది. మీటరు లేకుండా డిజిటల్ ప్రాజెక్టు మొదలుపెట్టొద్దు. ఖరీదైనది అక్కర్లేదు, డీసీ వోల్టులు, డయోడ్ మోడ్, బీప్ మోడ్ ఉన్న మామూలు మీటరు చాలు.

ఎక్కువమందికి ఇచ్చే ప్రాజెక్టు 00 నుంచి 59 వరకు లెక్కపెట్టే సెకన్ల కౌంటర్. అందుకే దాన్నే పట్టుకుని, సామాను దగ్గర్నుంచి రివ్యూ దాకా ఎక్కడెక్కడ ఏం తప్పుతుందో చెప్తాను.

సామాను

సెకనుకో పల్స్ ఇచ్చే 555 టైమర్ ఒకటి, 0 నుంచి 9 దాకా లెక్కపెట్టే 74ఎల్‌ఎస్90 రెండు, ఆ లెక్కను డిస్‌ప్లే మీద అంకెగా చూపించే 74ఎల్‌ఎస్47 రెండు (కింద వీటినే 7490, 7447 అంటాను), ఏడు గీతలతో అంకె చూపే కామన్ ఆనోడ్ సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లేలు రెండు. 330 ఓమ్ రెసిస్టర్లు 14, ఇంకా 10 కిలోఓమ్, 68 కిలోఓమ్ ఒక్కొక్కటి. 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ ఒకటి, 100 మైక్రోఫారడ్ ఒకటి, 103 అని రాసి ఉండే 0.01 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి, 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్‌లు ఐదు. 830 పాయింట్ల బ్రెడ్‌బోర్డులు రెండు తీసుకోండి. ఒకదాని మీద ఇరికించవచ్చు గానీ, అలా ఇరికించిన బోర్డులోనే పక్క పక్క వైర్లు తగులుకుంటాయి. ఎర్ర వైరు 5 వోల్టులకు, నల్ల వైరు గ్రౌండ్‌కు మాత్రమే వాడండి, సిగ్నళ్లకు వేరే రంగులు. ఫొటో చూసి సాయం చేసేవాళ్లకు ఇంతకన్నా పెద్ద ఉపకారం లేదు.

షాపులో "అదీ ఇదీ ఒకటే బాబూ" అంటూ వేరే ఐసీ చేతిలో పెడతారు. రెండు విషయాల్లో ఆ మాట నమ్మొద్దు. మొదటిది, 7447కు బదులు 7448. 7447 అవుట్‌పుట్లు లో (వోల్టేజీ సున్నా దగ్గర; ఎక్కువగా ఉంటే హై) అయినప్పుడు సెగ్మెంట్ వెలుగుతుంది, అందుకే దానికి కామన్ ఆనోడ్ డిస్‌ప్లే. 7448 దీనికి పూర్తిగా రివర్సు, దానికి కామన్ కాథోడ్ కావాలి. డిస్‌ప్లే ఏ రకమో షాపులోనే తేల్చుకోవచ్చు. మీటరును డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబు 3వ పిన్ మీద, నల్ల ప్రోబు 7వ పిన్ మీద ఆనించండి. మామూలు పది పిన్నుల డిస్‌ప్లేలో 3, 8 కామన్, 7 అంటే పైగీత. మసగ్గా వెలిగితే అది కామన్ ఆనోడ్.

రెండోది, ఎల్‌ఎస్‌కు బదులు హెచ్‌సీ. ఐసీ నంబరు మధ్యలో ఉండే ఈ అక్షరాలు అది ఏ కుటుంబానిదో చెప్తాయి. ఎల్‌ఎస్ ఐసీ హై ఇచ్చినప్పుడు డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) హామీ ఇచ్చేది 2.7 వోల్టులే. 5 వోల్టుల మీద నడిచే 74హెచ్‌సీ దాన్ని హై అని గుర్తుపట్టాలంటే 3.5 కావాలి. బోర్డు మీద ఎల్‌ఎస్ 3.4 దగ్గర ఇస్తుంటుంది కాబట్టి హాస్టల్లో పనిచేసిన సర్క్యూట్ ల్యాబ్‌లో మొండికేస్తుంది. అన్నీ ఒకే కుటుంబం నుంచి తీసుకోండి. కుదరకపోతే 74హెచ్‌సీటీ అడగండి, దానికి 2 వోల్టులు చాలు. ఇక్కడ దొరకని వాటికి మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతారు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. ఆన్‌లైన్‌లో అయితే రివ్యూకు రెండు వారాల ముందే ఆర్డరు పెట్టండి, ప్రతి ఐసీ ఒకటి అదనంగా.

కరెంటు ఎక్కడి నుంచి

9 వోల్టుల చదరపు బ్యాటరీని నేరుగా తగిలించి ఐసీలన్నీ కాల్చుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. టీటీఎల్ ఐసీలకు (మన ఎల్‌ఎస్ ఆ జాతిదే) కావాల్సింది 4.75 నుంచి 5.25 వోల్టులు, 7 దాటితే పోయినట్టే. వోల్టేజీని 5కు తగ్గించే రెగ్యులేటర్ 7805 పెడితే వోల్టేజీ గొడవ తీరుతుంది కానీ కరెంటు గొడవ తీరదు. లెక్క వేసి చూడండి. 5 వోల్టుల్లో ఎల్‌ఈడీకి 2, ఐసీ లోపల 0.3 పోతే మిగిలేది 2.7. దాన్ని 330తో భాగిస్తే సెగ్మెంట్‌కు 8 మిల్లీఆంపులు. 08 చూపేటప్పుడు 13 సెగ్మెంట్లు వెలుగుతాయి, అంటే 100 పైమాటే. ఐసీలు తాగేది కలిపితే దాదాపు 150. ఆ చిన్న బ్యాటరీ ఈ బరువు ఎక్కువసేపు మోయలేదు. వోల్టేజీ 7 కిందికి జారితే 7805 తన 5 వోల్టులు నిలబెట్టుకోలేదు. అప్పుడు పెద్ద అంకె వచ్చినప్పుడల్లా డిస్‌ప్లే మసకబారి, కౌంటర్ దానంతటదే సున్నాకు పోతుంది. పిల్లలు దీన్ని "రీసెట్ ప్రాబ్లం" అని రాస్తారు, జవాబిచ్చేవాళ్లు రీసెట్ పిన్నుల చుట్టూ తిరుగుతారు. పాత మొబైల్ ఛార్జరు, కోసిన యూఎస్‌బీ కేబుల్ ఉంటే చాలు. ఎర్ర వైరు ప్లస్, నల్లది గ్రౌండ్ అని మీటరుతో ఖాయం చేసుకున్నాకే తగిలించండి.

కొలవడం రైల్ (బోర్డు అంచున పవర్ పంచే రంధ్రాల వరస) మీద కాదు, ఐసీ కాలి మీదే. చాలా బ్రెడ్‌బోర్డుల్లో పవర్ రైల్ మధ్యలో తెగి ఉంటుంది. పైన గీసిన ఎర్ర గీత కూడా అక్కడ ఆగుతుంది, ఎవరూ గమనించరు. ఎడమ సగానికి 5 వోల్టులు ఉంటాయి, కుడి సగంలో ఐసీ ఖాళీగా కూర్చుని ఉంటుంది. ఇంకో సంగతి, హెచ్‌సీ, హెచ్‌సీటీ ఐసీలు వాడితే, వాటికి పవర్ లేకపోయినా ఇన్‌పుట్ల గుండా కొంచెం కరెంటు దూరి ఏవో పిచ్చి వోల్టేజీలు చూపిస్తాయి. అవి చూసి మోసపోవద్దు.

ప్రతి ఐసీ పవర్ పిన్ను, గ్రౌండ్ మధ్య ఒక 104, బోర్డులోకి కరెంటు వచ్చే చోట 100 మైక్రోఫారడ్. 555 అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లయ్ నుంచి ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. కెపాసిటర్లు లేకపోతే ఆ కుదుపును 7490 ఇంకో క్లాక్‌గా (లెక్కను ఒకటి పెంచే పల్స్‌గా) లెక్కేసుకుని ఒక అంకె దాటేస్తుంది.

555

1 గ్రౌండ్‌కు, 8 5 వోల్టులకు. 4ను 5 వోల్టులకు కలపాలి. 2, 6 ఒకదానికొకటి. 5 నుంచి గ్రౌండ్‌కు 103. 8కీ 7కీ మధ్య 10 కిలోఓమ్, 7కీ 6కీ మధ్య 68 కిలోఓమ్, 6 నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్. 10 కిలోఓమ్‌ను ఆర్1, 68 కిలోఓమ్‌ను ఆర్2, 10 మైక్రోఫారడ్‌ను సి అనుకుంటే, 1.44ను (ఆర్1 + 2 ఆర్2) × సి తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ. ఇక్కడ 146 కిలోఓమ్ × 10 మైక్రోఫారడ్, అంటే 0.99 హెర్ట్జ్. కాగితం మీద అంతే. ఎలక్ట్రోలిటిక్‌కు 20 శాతం అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మీ నిమిషం 50 సెకన్లకో 70 సెకన్లకో పూర్తయితే ఆశ్చర్యపోకండి. 68కు బదులు 47 కిలోఓమ్, దానితో వరసలో 50 కిలోఓమ్ ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెట్టి తిప్పుకోవచ్చు. నికరంగా ఒక సెకను కావాలంటే 32,768 హెర్ట్జ్ క్రిస్టల్, దాని ఫ్రీక్వెన్సీని భాగించే సీడీ4060 ఐసీ తీసుకోండి. అది 14 మెట్లు భాగించి 2 హెర్ట్జ్ ఇస్తుంది, ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్ పెడితే 1 హెర్ట్జ్.

3వ పిన్ మీద మీటరు పెట్టి చూడండి. సున్నా దగ్గర్నుంచి 3.3 దాకా పడుతూ లేస్తూ ఉండాలి. 5 రాలేదని కంగారుపడొద్దు, మామూలు 555 అంతే ఇస్తుంది, ఎల్‌ఎస్‌కు అది ధారాళంగా చాలు.

7490

ఈ ఐసీ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. కారణం, ల్యాబ్‌లో 7400, 7408, 7432 లాంటి గేటు ఐసీలు చేసి చేసి 14కు 5 వోల్టులు, 7కు గ్రౌండ్ ఇవ్వడం చేతికి అలవాటై ఉంటుంది. 7490లో పవర్ 5వ పిన్, గ్రౌండ్ 10వ పిన్. 14 క్లాక్ ఇన్‌పుట్. ఫ్లిప్‌ఫ్లాప్ ఐసీ 7476కూ ఇదే తంటా, దానికి పవర్ 5, గ్రౌండ్ 13.

14కు క్లాక్ ఇచ్చి, 12ను 1కి కలపాలి. అవుట్‌పుట్లు చిన్న బిట్ నుంచి వరసగా 12, 9, 8, 11. నంబర్ల వరస కుదురుగా ఉండదు, చూసుకుని పెట్టాలి. 2, 3 రెండూ హై అయితే సున్నా. 6, 7 రెండూ హై అయితే 9, అప్పుడు 2, 3 ఎలా ఉన్నా లెక్కలోకి రావు. 4, 13 ఖాళీ పిన్నులు.

ఇప్పుడు అసలు కిటుకు. ఎల్‌ఎస్ ఐసీలో ఇన్‌పుట్‌ను వదిలేస్తే అది హై అనుకుంటుంది. అందుకే డిస్‌ప్లే ఏం చూపిస్తూ ఆగిపోయిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. 9 దగ్గర కదలకుండా ఉంటే 6, 7 గ్రౌండ్ కాలేదు. 0 దగ్గర కదలకపోతే 2, 3 చూడండి. 0, 1, 0, 1 అంటూ ఊగుతుంటే 12కూ 1కీ మధ్య వైరు లేదు లేదా ఊడింది.

6, 7ను అంతమంది ఎందుకు వదిలేస్తారంటే, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ డేటాషీట్‌లో 7490, 7492, 7493 కౌంటర్లు మూడూ ఒకే పత్రంలో ఉంటాయి. 7493లో కూడా పవర్ 5, గ్రౌండ్ 10, క్లాక్ 14. అవుట్‌పుట్ పిన్నులూ అవే. కానీ దాంట్లో 6, 7 ఖాళీ పిన్నులు. పక్క బొమ్మ చూసి వైరింగ్ చేస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, డిస్‌ప్లే మాత్రం 9 పట్టుకుని కూర్చుంటుంది.

పదుల కౌంటర్‌కు క్లాక్ ఎక్కడి నుంచి అని అడుగుతుంటారు. ఒకట్ల కౌంటర్ 11వ పిన్ నుంచి రెండో దాని 14కు. 7490 క్లాక్ పడే అంచున కదులుతుంది. 9 నుంచి 0కు పోయేటప్పుడే 11వ పిన్ హై నుంచి లోకు పడుతుంది కాబట్టి క్యారీ కోసం వేరే గేటు అక్కర్లేదు. పదులు 5 తర్వాత సున్నాకు రావాలంటే రెండో ఐసీలో 9, 8 పిన్నులను దాని 2, 3కు కలపండి. 6 అంటే 0110, ఆ రెండు బిట్లూ ఒకేసారి హై అయ్యేది అప్పుడే. 6 వచ్చిన మరుక్షణం పోతుంది, కంటికి కనబడదు. ఒకట్ల ఐసీలో 2, 3 గ్రౌండ్‌కు. 6, 7 మాత్రం రెండు ఐసీల్లోనూ గ్రౌండ్‌కే.

7447, డిస్‌ప్లే

1వ పిన్ చిన్న బిట్ అనుకుంటారు, కాదు. చిన్న బిట్ 7వ పిన్. తర్వాత 1, 2, అన్నిటికన్నా పెద్ద బిట్ 6. 7, 6 తారుమారైతే డిస్‌ప్లే 0, 8, 2, ఒక వంకర గుర్తు, 4, ఇంకో గుర్తు, 6, ఇంకోటి, 1, 9 అని పోతుంది. ఈ వరస ఉన్నదున్నట్టు రాసి పంపితే బోర్డు చూడకుండానే జవాబు చెప్పొచ్చు. "ఏవేవో అంకెలు వస్తున్నాయన్నా" అంటే చెప్పలేం. 7447లో 6కు పైన అడ్డగీత, 9కి కింద అడ్డగీత ఉండవు. అది తప్పు కాదు, దాని తీరే అంత.

3వ పిన్ లాంప్ టెస్ట్. దాన్ని ఒక వైరుతో గ్రౌండ్‌కు తాకిస్తే సెగ్మెంట్లన్నీ వెలగాలి. వెలగని సెగ్మెంట్ ఉంటే తప్పు డిస్‌ప్లే వైపు, రెసిస్టర్ల వైపు. అన్నీ వెలిగితే తప్పు 7447కు ముందు. సగం వెతుకులాట ఈ ఒక్క తాకుతో తగ్గిపోతుంది. చూశాక 3, 5 పిన్నులను 5 వోల్టులకు కలపండి, 4ను వదిలేయండి.

రెసిస్టర్ ఒక్కో సెగ్మెంట్‌కు ఒకటి. కామన్ పిన్ దగ్గర ఒకే రెసిస్టర్ పెట్టి ముగించిన సర్క్యూట్లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటిలో 1 ధగధగా వెలుగుతుంది, 8 మసగ్గా ఉంటుంది, ఎందుకంటే అదే కరెంటును ఒకచోట ఇద్దరు, ఇంకోచోట ఏడుగురు పంచుకుంటారు.

ప్రశ్న ఎలా రాయాలి

ఇలా:

"74ఎల్‌ఎస్90, ఒకట్ల కౌంటర్. డిస్‌ప్లే 9 చూపిస్తూ ఆగిపోయింది. 555 3వ పిన్ 0.1కీ 3.3కీ మధ్య మారుతోంది. 7490 పిన్ 5: 4.92. పిన్ 10: 0. పిన్ 14: 0.1, 3.3 మారుతోంది. పిన్ 2, 3: 0. పిన్ 6: 1.38. పిన్ 7: 1.41. అవుట్‌పుట్లు పిన్ 12: 3.4, పిన్ 9: 0.15, పిన్ 8: 0.15, పిన్ 11: 3.4. సర్క్యూట్ డేటాషీట్ చూసి గీశాను, పిన్ నంబర్లతో ఉన్న బొమ్మ జతచేశాను."

చదవగానే జవాబు తెలిసిపోతుంది: 6, 7 గ్రౌండ్‌కు. ఎల్‌ఎస్‌లో లో అంటే 0.4 లోపు, హై అంటే 2.7 పైన. ఇన్‌పుట్ పిన్ దగ్గర 1 నుంచి 1.6 మధ్య కనబడితే ఆ పిన్‌కు వైరు తగల్లేదన్నమాట. అదే నడిమి వోల్టేజీ అవుట్‌పుట్ దగ్గర నిలకడగా కనబడితే రెండు అవుట్‌పుట్లు ఎక్కడో కలిసిపోయాయి, లేదా మీరు చూడ్డానికి పెట్టిన ఎల్‌ఈడీ దాన్ని కిందికి లాగుతోంది. ఎల్‌ఎస్ హైలో ఇవ్వగలిగింది 0.4 మిల్లీఆంపులే, లోలో 8 దాకా మింగుతుంది. అందుకే పరీక్షకు పెట్టే ఎల్‌ఈడీని 5 వోల్టుల నుంచి 1 కిలోఓమ్ ద్వారా అవుట్‌పుట్‌కు తగిలించండి. వెలిగితే లో, ఆరితే హై.

ఫొటో పంపాలనుకుంటే నిటారుగా పైనుంచి, పగటి వెలుతురులో తీయండి. సర్క్యూట్ బొమ్మ తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గీసినా చాలు. ఎలక్ట్రానిక్స్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే ప్రశ్నలు జవాబుల సైటులో బొమ్మ గీసే పనిముట్టు ప్రశ్న రాసే చోటే ఉంటుంది. అక్కడ హోంవర్క్ ప్రశ్నలు అడగొచ్చు, కానీ మీరు ఎంతవరకు చేశారో చూపించాలి. "నాకు చేసిపెట్టండి" అంటే మూసేస్తారు, దాన్ని నేను తప్పుపట్టను. ఇంగ్లిష్ రాదని భయపడొద్దు. పిన్ నంబర్లకు, వోల్టేజీలకు వ్యాకరణంతో పనిలేదు.

"సిమ్యులేషన్‌లో వస్తోందన్నా, బోర్డు మీదే రావట్లేదు" అనేవాళ్లకు ఒక మాట. ప్రోటియస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో టీటీఎల్ ఐసీల పవర్ పిన్నులు దాచి ఉంటాయి, మీరు కలపకపోయినా అదే కలుపుకుంటుంది. దాంట్లో వదులు వైరు ఉండదు, సప్లయ్ కుదుపు ఉండదు. లాజిక్ సరైందో కాదో అది చెప్తుంది, అంతవరకే దాని పని. ఏఐ చాట్‌బాట్లు లాజిక్ బాగానే వివరిస్తాయి గానీ పిన్ నంబర్లు ఇచ్చినప్పుడు డేటాషీట్‌తో పోల్చుకోకుండా వైరు పెట్టొద్దు. నేను ఎక్కువగా చూసే పొరపాటు 7402 దగ్గర. 7400లో 1, 2 ఇన్‌పుట్లు, 3 అవుట్‌పుట్. 7402లో 1 అవుట్‌పుట్, 2, 3 ఇన్‌పుట్లు. 7400 వైరింగ్‌లో 7402 గుచ్చితే గేటు అవుట్‌పుట్‌ను మీ స్విచ్ నేరుగా 5 వోల్టులకు కలుపుతుంది, ఐసీ వేడెక్కుతుంది.

క్లాక్‌కు బదులు బటన్ పెట్టమంటే ఇంకో చిక్కు. ఒక్క నొక్కుకు 3, 4 అంకెలు దూకుతాయి. బటన్ లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది, 7490 ప్రతి ఎగురునూ లెక్కపెడుతుంది. ఒక రెసిస్టర్, కెపాసిటర్ పెట్టి ఊరుకుంటే నెమ్మదిగా మారే అంచు వల్ల ఇంకా చిరాకవుతుంది, మధ్యలో 7414 ష్మిట్ ట్రిగ్గర్ (నెమ్మది అంచును చురుకైన అంచుగా మార్చే ఐసీ) ఉండాలి. లేదా ఇంకో 555ను మోనోస్టేబుల్‌గా (ఒక నొక్కుకు ఒకే పల్స్ ఇచ్చేలా) 100 కిలోఓమ్, 1 మైక్రోఫారడ్‌తో పెట్టండి, 0.11 సెకన్ల పల్స్ వస్తుంది. మూడు కాళ్ల టూ వే స్విచ్ దొరికితే 7400లో రెండు గేట్లతో లాచ్ (చివరి స్థితిని పట్టి ఉంచే సర్క్యూట్) కట్టడం అన్నిటికన్నా శుభ్రమైన పని.

డబ్బులిస్తే రిపోర్టుతో సహా చేసిచ్చేవాళ్లున్నారు. వైవాలో 6, 7 పిన్నులు ఎందుకు గ్రౌండ్ చేశావని అడిగితే ఆ రిపోర్టు నోరు తెరవదు.

బ్రెడ్‌బోర్డును బస్సులో తీసుకెళ్తే వైర్లు ఊడతాయి. టైముంటే జనరల్ పర్పస్ బోర్డు మీదికి మార్చండి. ఐసీ బేస్‌లు సోల్డర్ చేయండి, ఐసీలు చివర్లో గుచ్చండి. గుచ్చేముందు ప్రతి బేస్ దగ్గర పవర్, గ్రౌండ్ పిన్నుల మధ్య బీప్ వస్తుందేమో చూడండి, వస్తే ఎక్కడో సోల్డర్ కారింది. రివ్యూకు సొంత ఛార్జరు, కేబుల్ వెంట తీసుకుపోండి. పవర్ బ్యాంకు వాడేటట్టయితే ముందురోజే ఒక పావుగంట నడిపి చూడండి, తక్కువ కరెంటు లాగే సర్క్యూట్లకు కొన్ని పవర్ బ్యాంకులు ఫోన్ తీసేశారనుకుని వాటంతటవే ఆగిపోతాయి.